రసీదు లేని బంగారం

2023లో చెల్లి సీమంతానికి డాలస్ వెళ్లి తిరిగొస్తుంటే, విమానం ఎక్కేచోట నా చేతిబ్యాగు తీసేసుకున్నారు. పైన అరల్లో చోటు లేదట. ట్యాగు కట్టి కిందికి పంపేశారు. నగ తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఇంటికొచ్చి చూస్తే జిప్పు తాళం విరిగి ఉంది. ఆరు తులాల కాసులపేరు లేదు.

"బ్యాగులో బంగారం పెడతారా ఎవరైనా?" ఇంట్లో అందరి మొదటి మాట ఇదే. తీసినవాడి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్ల మీద ఏ నేరం జరిగినా ముందు వినిపించేది ఇలాంటి ప్రశ్నే కదా!

1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. విలువైన వస్తువులకు తమ బాధ్యత లేదని సంస్థ జవాబిచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. అప్పటి లెక్కన ఒక ప్రయాణికురాలి సామానుకి గరిష్ఠ పరిహారం 1288 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు లక్షా నలభై వేల రూపాయలు. ఎక్కువ కావాలంటే సామాను అప్పగించేటప్పుడే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టాలి. చివరి నిమిషంలో చేతిలోంచి తీసుకున్న బ్యాగుకి ప్రకటించేదెప్పుడు?

అసలు చిక్కు వేరే ఉంది. నగ నాదేనని రుజువేమిటని సంస్థ అడిగింది. కాసులపేరు అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది. ఇచ్చేటప్పుడు బొట్టు పెట్టారు గాని కాగితం రాయలేదు. మామయ్యలకి పొలం రిజిస్ట్రారు ఆఫీసులో దఖలు పడింది. అమ్మకి బంగారం నోటిమాట మీద చేరింది. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి రసీదు మాత్రం ఎవరిస్తారు?

"మీవారు కొనిచ్చారని అఫిడవిట్ వేద్దాం, తేలిక" అన్నారు మా లాయరు. అది అబద్ధమే కాదు, మా అమ్మనీ అమ్మమ్మనీ లేకుండా చేసే అబద్ధం. ఒప్పుకోలేదు.

అమ్మే అఫిడవిట్ ఇచ్చింది. మెడలో కాసులపేరుతో ఉన్న తన పెళ్లి ఫోటో జత చేశాం. "ఈ నగ నా సొంత ఆస్తి. నా ఇష్టప్రకారం నా కూతురికి ఇచ్చాను" అన్న వాక్యాన్ని నోటరీ దగ్గర రెండుసార్లు చదివించుకుంది. ఇల్లుగానీ స్థలంగానీ ఏదీ ఆమె పేర లేదు. అరవై దాటాక మొదటిసారి ఒక వస్తువు తనదని సంతకం చేసింది, అది పోయాక.

కేసు నడుస్తోంది. ఈలోగా ఇంట్లో మిగిలిన నగలకి తూకం వేయించి, ఫోటోలు తీసి, ఎవరు ఎవరికిచ్చారో ఒక పుస్తకంలో ఎక్కిస్తున్నాం. అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను.