అంగుళం ఎత్తు రాయల సిపాయి

అనంతపురంలో తాడిపత్రి రోడ్డు పట్టుకుంటే, పట్నం సందడి సద్దుమణగక ముందే బుక్కరాయసముద్రం వచ్చేస్తుంది. పేరులో సముద్రం. చుట్టూ చూస్తే ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు. వాన చినుకు కోసం మొగులుకేసి చూసే సీమలో సముద్రమేమిటని నవ్వుకోనక్కర్లేదు. పండమేరుకు అడ్డంగా కట్టిన పెద్ద చెరువే ఆ సముద్రం. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు దీన్ని కట్టించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన రాజు పేరిట ఈ ఊరు, ఇంకో కొసన అనంతసాగరం వెలిశాయి. తెగిపోబోతున్న కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ కూడా ఇక్కడిదే. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి వస్తువు ఆమే.

రాజు పేరు మిగిలింది. మంత్రి పేరు మిగిలింది. ఊరి కోడలినీ జనం మరిచిపోలేదు. మరి ఆ రాజుల వెంట నడిచిన సిపాయి ఎలా ఉండేవాడు? తలకేం చుట్టుకునేవాడు? డాలుకు ఏ రంగు పూసేవాడు? చరిత్ర పరీక్షలో ఎవరూ అడగని ఈ ప్రశ్న ఒక రకం మనుషుల్ని మాత్రం నిద్రపోనివ్వదు. వాళ్లే బొమ్మ సిపాయిలకు రంగులు వేసేవాళ్లు!

పాత యుద్ధాలను బల్లమీద బొమ్మ సైన్యాలతో మళ్లీ ఆడే సరదా ప్రపంచంలో చాలామందికి ఉంది. ఇంగ్లిషు రచయిత హెచ్.జి.వెల్స్ 1913లోనే ఆ ఆటకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకం వేశాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే బొమ్మ 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు. లోహంతోనో, ప్లాస్టిక్‌తోనో పోతపోసిన ఆ బుల్లి మనిషికి సన్నటి కుంచెతో కనుబొమలు దిద్దాలి. నెపోలియన్ సిపాయికైతే చిక్కు లేదు. అతని కోటు గుండీల దాకా లెక్కలున్నాయి. రాయల సిపాయి దగ్గరికొచ్చేసరికి కుంచె ఆగిపోతుంది. అక్కడ చాలామంది సినిమా దుస్తుల మీద ఆధారపడతారు. అది తేలిక దారే కానీ, సరైన దారి కాదు.

డాలులో ముఖం చూసుకోవచ్చు

సరైన దారి కొంచెం చుట్టు. ముందుగా 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌ను పలకరించాలి. మహర్నవమి వేడుకల తర్వాత శ్రీకృష్ణదేవరాయలు తన సైన్యాన్ని చూసుకున్న తీరును ఆయన ఓపిగ్గా రాసిపెట్టాడు. రౌతుల ఒంటిమీద తోలు పొరలతో కుట్టిన దట్టమైన అంగీలు. కాలిబంటుల డాళ్ల మీద బంగారు, వెండి పూలు. కొన్నింటిపై పులులు, కొన్నింటికి రంగుల చిత్రాలు. కొన్ని డాళ్లయితే నల్లగా, అద్దంలో చూసుకున్నట్టు ముఖం కనిపించేంత నునుపు! రంగులు వేసేవారికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఒక్క జాగ్రత్త. ఇది కృష్ణరాయల నాటి సిపాయి. చెరువు కట్టిన బుక్కరాయల సిపాయికి, ఇతనికి మధ్య నూటయాభై ఏళ్ల దూరముంది. ఇద్దరికీ ఒకే అంగీ తొడగడం తప్పే.

ఆయుధం పట్టే తీరు, నిలబడే భంగిమ తెలియాలంటే హంపీ హజారరామాలయం ప్రాకారం చూడాలి. ఏనుగులు, గుర్రాలు, భటులు వరసలు కట్టి నడుస్తుంటారు. కానీ రాతికి రంగు లేదే! దానికి హిందూపురం దగ్గరి లేపాక్షికి పోవాలి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం పైకప్పు నిండా బొమ్మలే. పొడవాటి కుళ్లాయిలు, చారల బట్టలు, పూల అంచులు... కావి ఎరుపు, పసుపు, సున్నపు తెలుపు, నలుపు, ఆకుపచ్చ. అవి ఎక్కువగా ఈ నేల, ఈ రాయి ఇచ్చే రంగులే. నీలం కోసం వెతుక్కోవాలి. అంటే బొమ్మ సిపాయికి మెరిసే నీలం పంచె కట్టేముందు రెండుసార్లు ఆలోచించుకోవాలన్నమాట.

వచ్చే దారిలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆగితే ఇంకో పాఠం దొరుకుతుంది. అది తోలుబొమ్మల ఊరు. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దూరేలా పలచగా గీకి, రంగులద్ది, నగల చోట ఉలితో చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే రత్నాలు. కళ్లు మాత్రం మనిషికుండేంత కాదు, అంతకు మూడింతలు! ఆట చూసేవాడు దూరంగా కూర్చుంటాడు మరి. అంగుళం బొమ్మకూ అదే సూత్రం. అసలు రంగే పూస్తే చిన్న బొమ్మ మొద్దుగా, నల్లగా కనబడుతుంది. అందుకే రంగును ఒక పాలు తేలిక చేయాలి. ముడతల్లో పలుచని ముదురు రంగు పారించి, ఎత్తుల మీద లేతరంగు తాకించాలి. ఆ నల్లటి నున్నని డాలుంది చూశారూ, దానిమీద మెరుపునూ కుంచెతోనే పెట్టాలి. నల్లరంగు పైన సన్నని తెల్లటి గీత, దాని చుట్టూ బూడిదరంగు. వార్నిష్ మాత్రమే పూసి వదిలేస్తే అది డాలులా కాదు, తడిసిన చింతగింజలా ఉంటుంది.

కట్టమీద ఫొటో

రంగు ఆరాక ఫొటో. నిజానికి పని సగంలో ఉన్నప్పుడే ఒకటి తీసుకోవడం మేలు. కన్ను క్షమించిన తప్పును కెమెరా క్షమించదు. కనుగుడ్డు పక్కకు జారితే తెరమీద గుమ్మడికాయంత కనిపిస్తుంది.

దీనికి స్టూడియో కంటే బుక్కరాయసముద్రం కట్టే నయం. పొద్దున్నే, ఎండ ముదరక ముందు పోవాలి. మధ్యాహ్నపు ఎండలో కుళ్లాయి నీడ ముఖాన్ని మింగేస్తుంది. తప్పదనుకుంటే పలచటి తెల్ల పంచె అడ్డం పట్టుకోవచ్చు. కెమెరాను సిపాయి కంటి ఎత్తుకు దించాలి. అంటే తీసేవారు బోర్లా పడుకోవాల్సిందే! ఫోనయితే మరీ దగ్గర పెట్టకూడదు, ముక్కు ఉబ్బిపోతుంది. కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేసుకోవడం మంచిది. దగ్గరి వస్తువుకు ఫోకస్ పడే మేర చాలా తక్కువ కాబట్టి, కంటిమీద ఫోకస్ కుదిరితే ఈటె కొస మసకేస్తుంది. లెన్స్ రంధ్రం చిన్నది చేసుకుని, కెమెరా కదలకుండా స్టాండు వాడితే కొంత మేలు.

బొమ్మ పాదాల కింద పోసే మట్టి ఇక్కడిదే అయితే మరీ బాగుంటుంది. ఎర్రమట్టిని జల్లెడ పట్టి ఫెవికాల్‌తో అంటిస్తే చాలు. చింతపిక్కంత గులకరాయి ఆ సిపాయి పక్కన గుండైపోతుంది. వెనకాల చెరువు, దూరాన కొండలు మసకమసకగా ఉండనే ఉన్నాయి. చెరువు నిండిన ఏడు ఆ నీళ్లు చాలు. ఎండిన ఏడు అడుగున నెర్రెలు విచ్చుకుంటాయి. మనిషి కాలికి అవి చిన్న పగుళ్లే. అంగుళం సిపాయికి మాత్రం ఒక్కోటి ఒక్కో కందకం.