వీధి అరుగు

రాజమండ్రి ఇన్నీసుపేటలో పాత పెంకుటిళ్లకి వీధిగుమ్మానికి అటొకటీ ఇటొకటీ అరుగులుండేవి. గానుగసున్నం గచ్చు, తరాల తరబడి మనుషులు కూర్చుని కూర్చుని నున్నబడి, రోహిణికార్తె మధ్యాహ్నం పడుకున్నా వీపుకి చల్లగా తగిలేది. ఓ చివర తల వాల్చుకోడానికి సున్నంతోనే దిమ్మలా ఎత్తుచేసి కట్టేవారు. అంచున నాపరాయి మీద పులిజూదం గీతలు, అవి ఎవరు చెక్కారో ఇంటివాళ్లకే గుర్తులేదు. లంకపొగాకు చుట్ట వాసన, పొద్దున్న చల్లిన కళ్లాపి వాసన, ఎదురుసందులోంచి పెసరట్టు వాసన, గాలి తిరిగితే మురిక్కాలవ వాసన. అన్నీ కలిసే ఉండేవి, ఇప్పుడు వేరుచేసి తలుచుకోవడం కుదరదు.

గోదావరి స్నానం చేసి భుజాన తడిపంచె, చేతిలో మరచెంబుతో తిరిగొచ్చే ముసలాయన రేవు నుంచి ఇంటిదాకా ఒక్క ఊపున నడవలేడు కాబట్టి నాలుగిళ్లకోసారి ఎవరి అరుగు మీదో కూలబడేవాడు. ఎందుకు కూర్చున్నావని అడిగేవారు లేరు. మహా అయితే లోపల్నించి "మంచినీళ్లు కావాలా బాబాయిగారూ" అని ఓ గొంతు. ఒక్క పేపరు కాగితాలు కాగితాలుగా విడిపోయి నలుగురి చేతుల్లో తిరిగేది. పోస్టుమేన్ మనియార్డరు ఫారం మీద వేలిముద్ర వేయించి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేదీ అక్కడే. రోజూ ఎనిమిదికల్లా అరుగెక్కే మనిషి తొమ్మిదైనా కనపడకపోతే, "ఓసారి చూసి రారా" అని పిల్లల్లో ఎవర్నో తరిమేవారు. నేనూ వెళ్లేవాణ్ణి. ఎక్కువసార్లు జలుబో, రాత్రి నిద్రపట్టకపోవడమో. ఒక్కసారి మాత్రం లోపల గడియ వేసి ఉంది, ఎంత పిలిచినా పలకలేదు.

అంతా బాగుండేదని అనుకోను. ఆ అరుగు మగవాళ్లది. మా మామ్మ వీధరుగు మీద కూర్చోగా నేను చూడలేదు; ఆవిడ చోటు పెరటివసారా, పత్తి తీసి వత్తులు చేసుకుంటూ, వీధి కబుర్లన్నీ మా నోటే వినాలి. తాతయ్య పొలం దున్నిన మనిషి, తాతయ్య ఈడువాడే, ఊరవతల పేటనుంచి ఎండలో నడిచొచ్చి అరుగు కింద నిలబడే మాట్లాడి వెళ్లేవాడు. దొడ్డి ఇంటికి ఆ చివరెక్కడో. రాత్రిపూట లాంతరు పట్టుకు వెళ్లి జారిపడి, తుంటి విరిగి మంచానపడినవాళ్లు మళ్లీ లేచేవారు కాదు. కంట్లో శుక్లాలు ముదిరితే చాలామందికి లోకం మసకబారినట్టే. ఇవాళ పొద్దున్న లెన్సు వేయించుకుని సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

అరుగుల్ని ఎవరో వచ్చి లాక్కుపోలేదు. రోడ్డు వెడల్పుకి కొన్ని పోయాయి, కాలవ కట్టినప్పుడు కొన్ని. ఎక్కువ మాత్రం ఇంటివాళ్లే తవ్వించి షట్టర్లు బిగించారు. ఆ అద్దెతోనే చాలామంది పెద్దవాళ్ల మందులు గడిచాయి. తర్వాత ఇల్లే బిల్డర్‌కిచ్చారు. అరుగున్నచోట స్కూటర్లు, పైన మూడో అంతస్తు బాల్కనీలో గ్రిల్లు వెనక కుర్చీ. అక్కణ్ణుంచి వీధంతా కనిపిస్తుంది, ఎవరి మాటా వినిపించదు. కరెంటు పోయి లిఫ్టు ఆగితే ఆ పూటకి కిందికి దిగడం లేదు.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధులకు అనువైన నగరం ఎలా ఉండాలో ఓ మార్గదర్శి వేసింది. 33 నగరాల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసినది, మన దేశం నుంచి ఢిల్లీ, ఉదయపూర్ ఉన్నాయి. అందులో ఉన్నవి గొప్ప కోరికలేం కావు: ఎగుడుదిగుడు లేని కాలిబాట, దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి, రోడ్డు దాటేదాకా ఆగే సిగ్నలు, కొంత దూరానికోసారి కూర్చునే చోటు. ఆ చివరిది చదివి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. మన వీధుల్లో దాన్ని ఏ మునిసిపాలిటీ కట్టలేదు; ఇల్లు కట్టుకున్నవాడే తన డబ్బుతో, కొందరైతే కాలవ మీదికి కాస్త జరిపి మరీ, కట్టి వీధికి వదిలేశాడు.

ఇప్పుడు సాయంత్రాలు గోదావరి గట్టున సిమెంటు బల్లల మీద ఆడవాళ్లు బారుగా కూర్చుని, మోకాళ్ల ఆపరేషన్ల గురించీ అమెరికాలో మనవల చదువుల గురించీ మాట్లాడుకుంటుంటారు. మా మామ్మకి దక్కనిదది. అయితే గట్టుదాకా రావాలిగా. ఇన్నీసుపేట నుంచి ఆ దారిలో మందులషాపు ముందు ప్లాస్టిక్ కుర్చీ తప్ప కూర్చోడానికేమీ లేదు, అదీ షాపాయన వేస్తే. ఆటోకి డబ్బులున్నవాళ్లు వస్తున్నారు, లేనివాళ్లు ఇంట్లో ఉండిపోతున్నారు. పదిషట్టర్లకోసారి, కాలవ మీది మూతబండల పక్కన, సాయంత్రం నీడ పడే వైపు చూసి, వీపు ఆనేలా ఓ చిన్న బల్ల వేస్తే చాలు. లేచేటప్పుడు పట్టుకోడానికి పక్కన ఓ కడ్డీ కూడా ఉండాలి. అరుగుకి అది ఉండేది కాదు.