నిజాంగారి కారు, మా నాన్నగారి బుల్లెట్టు

హైదరాబాదు చూడబోయినవారిలో చాలామంది చార్మినారు ఎక్కి, లాడ్ బజారులో గాజులు బేరమాడి, కాళ్ళు పీకుతున్నాయని అక్కడినుంచే వెనక్కి తిరుగుతారు. ఇంకొంచెం ఓపిక పట్టి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా ప్రాసాదం వస్తుంది. 1750 ప్రాంతంలో సలాబత్ జంగు మొదలుపెట్టించగా, 1857లో గద్దెనెక్కిన అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయిన కట్టడమది. దర్బారు హాలూ, దీపాల గుత్తులూ, నీటి తొట్లూ అన్నీ చూడదగ్గవే. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, తలుపులు మూసి వుంటాయి.

నేనూ, మా అక్కయ్యగారి అబ్బాయీ వెళ్ళింది మాత్రం అక్కడి పాత మోటార్ల కోసం. వాటిలో పెద్దపీట పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టుది. 1912 నాటి బండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ముచ్చటపడి పురమాయించాడు. బండి చేతికి రాకముందే, 1911లో, ఆయన కాలం చేశాడు. వెనుక సీటు సింహాసనం మాదిరిగా వుంటుంది. ఏళ్ళ తరబడి మూలపడి వున్నదాన్ని బాగుచేయించి ఇక్కడ నిలిపారు. పుట్టి నూరేళ్ళు దాటినా మొత్తంమీద నాలుగువందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు.

"నాలుగువందల మైళ్ళా! ఇది కారా మామయ్యా, దేవుడి పల్లకీయా?" అన్నాడు మావాడు.

"పల్లకీ అయినా ఏడాదికోసారి ఊరేగుతుందిరా" అన్నాను.

వాడి బాధ వేరు. 1971లో మా నాన్నగారు కొన్న బుల్లెట్టు మా ఇంటి వసారాలో వుంది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ అది కదలలేదు. మా అమ్మ రోజూ పాత చీరముక్కతో తుడుస్తుంది. ఎవరైనా హ్యాండిలు మీద చేయి వేస్తే, "మెల్లిగా నాయనా" అంటుంది. మావాడికి దాన్ని నడపాలని వుంది. అయితే ఉన్నదున్నట్టుగా కాదు. వెనుక మడ్‌గార్డు కోసేసి, చాసిస్ తోక కత్తిరించి, లావుపాటి టైర్లు వేసి, అడ్డమైన రంగూ పూయించాలట. ఫోనులో బొమ్మ చూపించాడు. తాతగారి బండికి పట్నం క్షవరం చేయించినట్టుంది.

బుల్లెట్టు సంగతి తెలియనివారికి ఒక మాట. రాయల్ ఎన్‌ఫీల్డు పుట్టిల్లు ఇంగ్లండు. మన సైన్యానికి బళ్ళు అవసరపడి, 1955లో మద్రాసులో కంపెనీ వెలిసింది. పుట్టింట 1970 ప్రాంతంలో దీపం కొండెక్కినా, అత్తింట మాత్రం ఈనాటికీ వెలుగుతూనే వుంది. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. దాన్ని లేపడమే ఒక పూజావిధానం. అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కరు మెల్లగా నొక్కాలి. తరువాత డీకంప్రెషరు మీట పట్టుకుని పిస్టనును కొంచెం దాటించాలి. మీట వదిలి అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. వరస తప్పితే బండి తిరిగి మన కాలినే తంతుంది.

ప్రాసాదం చూశాక పాతబస్తీలో ఒక మెకానిక్కు షెడ్డుకు వెళ్ళాము. సాయిబుగారికి అరవై పైబడే వుంటాయి. మావాడు బొమ్మ చూపించాడు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. సుద్దముక్క తీసి షెడ్డు గోడమీద నిలువునా ఒక గీత గీశాడు.

"విప్పి బిగించేదంతా ఇటు సార్. కోసి అతికేదంతా అటు" అన్నాడు.

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టుకోవచ్చునట. ఆరు ఓల్టుల దీపం మిణుగురు పురుగే గనుక పన్నెండుకు మార్చుకోవచ్చునట. ఈ లారీల మధ్య పాత డ్రమ్ము బ్రేకును నమ్ముకోలేమంటే, ముందు ఫోర్కూ చక్రమూ మొత్తంగా విప్పి డిస్కు బ్రేకున్నవి బిగించుకోవచ్చు, పాతవి గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టుకోవచ్చు. "చాసిస్ కోస్తే మాత్రం మళ్ళ రాదు బాబూ. నంబరు కూడా దానిమీదనే వుంటది."

చట్టమూ ఇంచుమించు సాయిబుగారి గీత మీదనే నడుస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2021లో వచ్చిన నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా వున్న బండికి "వింటేజి" హోదా ఇచ్చాయి. దానికి వేరే నంబరు, ఇరవై వేల రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. కాని ఆ బండి మీద రోజూ ఆఫీసుకు పోకూడదు. మా బండికి ఆ వయసు నిండింది. రంపం పడితే ఆ యోగ్యత పోయినట్టే.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక నాకు తాళపత్రాలు గుర్తుకొచ్చాయి. అర్థంకాని మాటను తనకు తోచినట్టు దిద్దిన లేఖకుడి వల్ల మనకు పోయిన పాఠాలెన్నో! అలాగని తాటాకుల్ని ఎవరూ విప్పకుండా అటకెక్కిస్తే, చెదలు దిద్దుతాయి. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులను పోల్చి రాయించబట్టి కదా ఎన్నో కావ్యాలు నిలిచాయి! ఈ లెక్కన వసారాలో ఆరేళ్ళుగా నిలబెట్టడం కూడా బండికి చేటే. ట్యాంకు లోపల తుప్పు, రబ్బర్లు పగుళ్ళు. అమ్మ తుడిచేది పైపైనే కదా. క్యూబాలో 1959కి ముందరి అమెరికా కార్లు ఈనాటికీ తిరుగుతున్నాయంటే, విడిభాగాలు దొరక్క రష్యా ఇంజన్లు సైతం బిగించుకోబట్టే. నిజాంగారికి గత్యంతరాలు చాలా వున్నాయి, కారును కూర్చోబెట్టగలిగాడు.

మావాడు గోడమీది గీతను చాలాసేపు చూశాడు. చివరికి చాసిస్ జోలికి పోనన్నాడు. ఇంజను విప్పించి, దీపమూ ఇగ్నిషనూ మార్పిస్తాడట. బ్రేకు సంగతి జీతం వచ్చాక చూస్తాడట. రంగు మీద మాత్రం పట్టు వదలలేదు. నేను ఒప్పుకోలేదు. "రంగు కోసి అతికేది కాదు కదా మామయ్యా" అన్నాడు. సాయిబుగారు గీతకు ఏ వైపునా చేరకుండా టీ తాగుతూ కూర్చున్నాడు.

వెనుక సీటు కూడా తీయించనా అని వాడు అక్కడినుంచే అమ్మకు ఫోను చేశాడు. ముప్పై ఏళ్ళు ఆ సీటు మీద పక్కకు తిరిగి కూర్చున్నది ఆవిడ.

"సీటు వుంచు. బండి బాగయ్యాక ముందు నన్ను గుడిదాకా తీసుకెళ్ళు" అంది అమ్మ.