గద్వాలా... గఢ్వాలా?

‘ఏ ఊరు?’ అన్న చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ హవల్దారుకు ఇరవై నాలుగేళ్లు చాలలేదు. 1983లో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో రంగ్‌రూట్‌గా చేరిన రోజు మొదలు, 2007లో పెన్షన్ కాగితాలు చేతికొచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు- ‘గద్వాల సాబ్’ అని. విన్నవాళ్లంతా ‘అచ్ఛా... గఢ్వాల్!’ అనేవారు.

తప్పు వాళ్లదీ కాదు. గఢ్వాల్ అంటే హిమాలయాల్లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లో ఉన్న కొండప్రాంతం. 1887 నుంచీ ఆ పేరుతో ఓ రెజిమెంటే ఉంది. అక్కడివాడంటే సైన్యంలో ఎవరైనా కాస్త తలెత్తి చూస్తారు. కొండలెక్కడం వాళ్లకు మంచినీళ్ల ప్రాయం మరి! మన గద్వాల సంగతి వేరు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ. కనుచూపు మేరా చేలే. హవల్దారు చిన్నప్పుడు ఎక్కిన అతి పెద్ద ఎత్తు సోమనాద్రి కట్టించిన మట్టికోట గోడ. అదీ చింతకాయల కోసం!

అయినా సరే, జమ్మూలో ఎప్పుడు కొండెక్కాల్సి వచ్చినా ‘ఏయ్ పహాడీ, నువ్వు ముందు నడువు’ అనేవారట. వీపున మూట, చేతిలో తుపాకి, ఎదురుగా నిట్టనిలువు గుట్ట. సగం దూరం వెళ్లేసరికి అసలైన గఢ్వాలీ సుబేదారొకాయన వెనక నుంచి మేకపిల్లలా గెంతుకుంటూ వచ్చి, అతని భుజం తట్టి, తన భాషలో ఏదో పలకరించాడు. మనవాడికి ఆయాసంలో నోట మాట రాలేదు. ‘ఊరి మనిషి కనిపించేసరికి పాపం గొంతు పూడుకుపోయింది’ అనుకున్నాడు ఆ పెద్దాయన. ఆ పూట తన వాటా బెల్లం కూడా ఇచ్చేశాడు.

సెంటర్లో చేరినప్పుడు మనవాడితోపాటు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మరో ఇద్దరున్నారు. ఒకతను వనపర్తి, ఇంకొకతను నాగర్‌కర్నూలు. పేర్ల బాధ ముగ్గురికీ పంచినట్టుగా వచ్చింది. హరియాణా నుంచి వచ్చిన ఉస్తాదు వనపర్తి కుర్రాడి కాగితం చూసి ‘వన్ పార్టీ? యే కౌన్‌సీ పార్టీ హై?’ అన్నాడు. ఫౌజులో పార్టీ అంటే విందు కాదు, పనికి వెళ్లే జట్టు. గడ్డి కోసే పార్టీ, బొగ్గులు మోసే పార్టీ, వంటశాలలో గుండిగలు తోమే పార్టీ. ఇక ఏ పనికి జట్టు కట్టాలన్నా ‘వన్ పార్టీ ఎక్కడ?’ అన్న కేక వినిపించేది. తొమ్మిది నెలల్లో అతను తుపాకి పట్టినన్నిసార్లు ఉల్లిగడ్డల గోతమూ మోశాడు. నిజానికి గుర్రపు దళాల విషయంలో వనపర్తిది పాత చరిత్రే. 19వ శతాబ్దంలో ఆ సంస్థానం రాజు దగ్గరుండి, తర్వాత నిజాం కొలువుకు మారిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీకి మిగిలింది. ఆ బస్తీ కథ ఉస్తాదుకు తెలియదు. గోతం కింద వంగిన కుర్రాడికీ తెలియదు.

నాగర్‌కర్నూలు అతని కష్టం రైలుతో. సిపాయి సెలవు కాగితంలో ‘దగ్గరి రైల్వే స్టేషన్’ అని ఓ గడి ఉంటుంది. నాగర్‌కర్నూలుకు రైలే లేదాయె! ‘లేదు’ అంటే గుమస్తా ఒప్పుకోడు. గడి ఉంది కాబట్టి స్టేషన్ ఉండాలి. పేరులోనే కర్నూల్ ఉందిగా అని, ‘కర్నూల్’ అని రాసి వారెంటు చేతిలో పెట్టాడు. మొదటి సెలవు. చిన్న రైలు సికింద్రాబాద్ దాటి, అర్ధరాత్రి జడ్చర్లలో ఆగింది. అక్కడ దిగి బస్సెక్కితే ఇల్లు. కానీ వారెంటు మీద కర్నూలని ఉంది. రాసిన చోట కాకుండా ఇంకోచోట దిగితే కోర్టు మార్షల్ చేస్తారేమోనని భయం! ట్రంకుపెట్టె మీద కూర్చుని, కిటికీలోంచి జడ్చర్లనూ మహబూబ్‌నగర్‌నూ చూస్తూ, వనపర్తి రోడ్డు, గద్వాల కూడా దాటేసి, తెల్లారి తుంగభద్ర అవతల కర్నూలులో దిగాడు. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి బస్సులు మారుతూ ఊరికి చేరేసరికి పొద్దుగూకింది. ‘రైలు లేటయిందా?’ అని తండ్రి అడిగితే ‘అవు’ అని ఊరుకున్నాడట.

భాష విషయంలో మాత్రం ముగ్గురూ ధైర్యంగానే వెళ్లారు. పాత హైదరాబాద్ రాజ్యం పిల్లలు, ఉర్దూ రాకపోవడమేమిటి? అంగట్లో, బస్టాండులో నేర్చుకున్న దక్కనీ ఉంది కదా! మొదటి వారంలోనే ఆ ధీమా కాస్తా పోయింది. ఉస్తాదు ఏదో చెప్పి ‘సమఝ్ గయే?’ అన్నాడు. మన గద్వాల మనిషి వినయంగా ‘హౌ సాబ్’ అన్నాడు. మనకు హౌ అంటే అవును. ఉస్తాదుకు అది ఇంగ్లీషు! ‘హౌ? ఎలాగని నన్నే అడుగుతావా?’ అని మైదానం చుట్టూ మూడుసార్లు పల్టీలు కొట్టించాడు. లేచాక ‘ఇప్పుడు తెలిసిందా?’ అన్నాడు. దుమ్ము దులుపుకుంటూ మళ్లీ ‘హౌ సాబ్!’

‘పర్సోం’తో వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. హైదరాబాదీకి పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, తాత పెళ్లి నాడూ కావచ్చు. ‘గన్ ఎప్పుడు శుభ్రం చేశావ్?’ అని అడిగితే ఆ మాట చెప్పి వారం రోజుల అదనపు డ్యూటీ తెచ్చుకున్నాడు వనపర్తి అతను. ఇక డ్రిల్లు. ‘బాయే ముడ్’ అంటే ఎడమకు తిరగాలి. మన పల్లెల్లో బాయంటే బావి. పొద్దున్నే చలిలో, నిద్రమత్తులో ఆ కేక వినగానే మోట తోలడానికి పిలిచినట్టే ఉండేదట!

తిండి దగ్గర కోస్తా కుర్రాళ్లు అన్నం కోసం అల్లాడిపోతుంటే, వీళ్లు ‘రొట్టెలే కదా’ అని తేలిగ్గా తీసుకున్నారు. జొన్నరొట్టె రెండు తింటే మధ్యాహ్నం దాకా నాగలి పట్టిన ఒళ్లు కదా. లంగరులో పూరీలు పెట్టారు. హవల్దారు పదకొండు తిని, ఇక అసలు రొట్టెలు ఎప్పుడొస్తాయని వంటవాణ్ని అడిగాడు. బడాఖానా రోజున అధికారులే జవాన్లకు వడ్డించడం ఆనవాయితీ. కర్నల్ సాబ్ గరిటె పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఇతను కంగారులో కంచం చేత్తో పట్టుకునే సావధాన్‌లోకి వెళ్లిపోయాడు. రెండు చేతులూ తొడలకు ఆనించి! పప్పంతా కర్నల్ సాబ్ బూట్లు తాగాయి.

హవల్దారుకు బాగా ఇష్టమైన కథ బర్రెది. పంజాబ్‌లో సరిహద్దుకు దగ్గరగా ఎక్సర్‌సైజు. రాత్రి రెండింటికి కాపలా. మంచులో ఏదో కదిలింది. ‘థమ్! కౌన్ ఆతా హై?’ అన్నాడు. జవాబు లేదు. రెండోసారి అరిచాడు. లేదు. తుపాకి ఎత్తాడు. అప్పుడు ముక్కుతో గట్టిగా వదిలిన ఊపిరి వినిపించింది. పుట్టింది మొదలు గొడ్లతో తిరిగినవాడు, ఆ చప్పుడు తెలియదా? తుపాకి దించి, నాలుకతో టిక్కుటిక్కుమనిపించి ‘హెయ్... దా, ఇటు దా’ అన్నాడు. బర్రె కదల్లేదు. పొద్దున సుబేదారుకు రిపోర్టు ఇచ్చాడు- ‘సాబ్, శత్రువు కాదు, బర్రె. పేరు చెప్పలేదు. దానికి తెలుగు రాదు.’

ఇంటి దగ్గర వినోదం ఇంకో రకం. సిపాయి ఎక్కడున్నాడో ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు. ఉత్తరం మీద ‘56 ఏపీవో’ అని మాత్రం రాసేవారు. అది ఫౌజు తపాలా గుర్తు. ఆ నంబరు ఉత్తరాలన్నీ ఢిల్లీలోని కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి ఏ కొండకో ఎడారికో చేరతాయి. తల్లికి మాత్రం అదొక ఊరు. పక్కింటివాళ్లతో ‘మా పిల్లగాడు యాభై ఆరు ఏపీవోల ఉండడు’ అని గొప్పగా చెప్పేది. ఉత్తరం రాయించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: ‘మీ ఏపీవోల వానలు పడ్డయా నాయనా? ఈడ పల్లి చేను ఎండుతుంది.’ అతను కూడా దిద్దలేదు. మనియార్డరు ఫారం అడుగున సందేశానికి వదిలిన రెండు వేళ్ల జాగాలో ‘ఇక్కడ వానలు బాగున్నాయి’ అని రాసేవాడు. రాజస్థాన్ ఇసుకలో కూర్చుని!

ఆ రెండు వేళ్ల జాగా మీదే ఇల్లు నడిచింది. పాలమూరు కూలీలు గుంపులు గుంపులుగా ఆనకట్టలు తవ్వడానికి దేశం మీదికి వెళ్లిపోయే కాలంలో, నెలనెలా తప్పకుండా జీతం వచ్చే ఇల్లంటే ఊళ్లో మాటలా? సెలవుకొస్తే దండలూ, దానితోపాటు చుట్టాలూ. ట్రంకుపెట్టె మూత తెరిచేలోపే, క్యాంటీన్ రమ్ము వాసన పట్టి వరస కలుపుకునేవాళ్లు బావా, మామా అంటూ వాకిట్లో చేరేవారు.

సెలవు దొరకాలంటే టెలిగ్రామే దారి. ‘నాయనమ్మ సీరియస్, వెంటనే బయలుదేరు’. గద్వాల తపాలాఫీసు నుంచి తమ్ముడు కొట్టేవాడు. మొదటిసారి ఇల్లు చేరేసరికి ‘సీరియస్’గా ఉన్న నాయనమ్మ పల్లి చేలో కలుపు తీస్తోంది. మనవణ్ని చూసి, తనకు ఏమైందని వచ్చాడో తెలుసుకుని, కొడవలి పట్టుకుని వెంటబడింది. రెండేళ్లకు ఆమెకు మళ్లీ ‘సీరియస్’ అయింది. ఈ కథ చెప్పేటప్పుడు హవల్దారు ఇక్కడే ఆపి పెద్దగా నవ్వుతాడు. వినేవాళ్లూ నవ్వుతారు.

మిగతాది ఆయన భార్య చెబుతుంది, ఆయన వాకిట్లోకి వెళ్లాక. 1991లో మూడో టెలిగ్రాం వెళ్లింది. ఈసారి తల్లి, అదీ నిజంగానే. గుమస్తా అది చూసి ‘రెండుసార్లు నాయనమ్మ అయిపోయింది, ఇప్పుడు అమ్మా?’ అని నవ్వి పక్కన పెట్టాడు. సంగతి నిజమని తేలి, వారెంటు చేతికి వచ్చేసరికి ఒక రోజు గడిచింది. తర్వాత రైళ్లు. ఆరో రోజున గద్వాలలో దిగాడు. మట్టి చేసింది తమ్ముడు. నాయనమ్మ మాత్రం ఆ తర్వాత పదేళ్లు బతికింది. టెలిగ్రాములూ 2013 జులై 15తో ఆగిపోయాయి.

కార్గిల్ గురించి పిల్లలు అడిగితే చాయ్ కథ చెబుతాడు. గ్లాసులో పోసిన చాయ్ నోటిదాకా వచ్చేలోపు చల్లారిపోయేదనీ, సగం తాగి సగం నమలాల్సి వచ్చేదనీ! 1999 వేసవిలో మన ఫిరంగులు రెండున్నర లక్షలకు పైగా గుండ్లూ రాకెట్లూ పేల్చాయి. వాటిలో కొన్ని ఇతని తోపువి. ఆ వేసవిలో కుడి చెవి పోయింది. దాన్నీ నవ్వులాటగానే వాడుకుంటాడు. భార్య ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తాడు. టీవీ పెడితే వీధి చివరిదాకా వార్తలు. కరెంటు బిల్లు విషయం మాట్లాడాలంటే మాత్రం ఆమె అతని కుడివైపుకే వచ్చి కూర్చుంటుందని ఫిర్యాదు. ఆ తోపు దగ్గర ఇంకా ఎవరెవరు ఉన్నారన్న మాట చాయ్ కథలో రాదు. ఏటా జులై 26న పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు, ఎక్కడికీ వెళ్లడు. మనవళ్లు మాత్రం చాయ్ దగ్గరే నవ్వి వెళ్లిపోతారు.

నవంబరు వస్తే ఇంకో తమాషా. బతికే ఉన్నానని పెన్షన్‌వాళ్లకు రుజువు చూపాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌తో అది వేలిముద్రల పనయింది. పదవీ విరమణ తర్వాత మళ్లీ చేను పట్టిన చేతులాయె, గీతలన్నీ అరిగిపోయాయి. దానికితోడు సర్వీసు కాగితాల్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 తర్వాత మార్చుకున్న ఆధార్‌లో జోగులాంబ గద్వాల జిల్లా. పోయినసారి మీసేవ కుర్రాడు పది వేళ్లూ ఒత్తించాడు. మిషన్ ఏ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

‘కన్ను పెట్టి చూద్దాం తాతా. కదలకుండ ఉండాలె’ అన్నాడు.

కుడివైపు నుంచి అన్నాడేమో, ‘కదలకుండ’ అన్నదొక్కటే వినిపించింది. హవల్దారు కుర్చీలోంచి లేచి, మడమలు కలిపి, పిడికిళ్లు తొడలకు ఆనించి నిలబడ్డాడు. కుర్రాడు ఒక్క క్షణం చూసి, తనే స్టూలెక్కి మిషన్‌ను ఆయన కంటి ఎత్తుకు పట్టుకున్నాడు. పచ్చ దీపం వెలిగింది. ‘అయిపోయింది తాతా, కూసో’ అన్నాడు రెండుసార్లు. ఆయనకు వినిపించలేదు.