రంగు మార్చిన గోల్డ్‌ఫించ్

న్యూజెర్సీ రాష్ట్ర పక్షి గోల్డ్‌ఫించ్‌ని నిండు పసుపులో చూడాలంటే జులైలో రావాలి. మేం వెళ్లింది అక్టోబర్ చివర్లో. మా రూమ్మేట్ వీసా గడువు ముగుస్తోంది, వచ్చే వారమే వాడి ఫ్లైట్. అందుకే ప్రిన్స్‌టన్ దగ్గర డెలావేర్ అండ్ రారిటన్ కాలువ గట్టు ఎక్కాం.

ఈ టైమ్‌లో పసుపు కోసం వెతక్కండి. మగపిట్టలు కూడా ఈకలు మార్చుకుని మట్టిరంగుకి వచ్చేస్తాయి. ఎండిపోయిన పూలగుత్తుల్ని చూడండి, గింజల కోసం తలకిందులుగా వేలాడుతుంటాయి. నల్లటి రెక్కల మీద లేత చారలే గుర్తు. ఎగిరేటప్పుడు కూత అచ్చం ‘పొటేటో చిప్’ అన్నట్టే ఉంటుంది (నవ్వకండి, నిజం!). థిసిల్ అనే ముళ్లమొక్క దూది విడిచాకే గూడు కడతాయి, అంత లేటు పిట్టలివి.

“ఇదేనా? మన పిచ్చుకలా ఉందేంట్రా” అన్నాడు వాడు. అన్నాడే గానీ, లాయర్ కాల్ రెండుసార్లు వచ్చినా కళ్లు తిప్పలేదు.