చేతికి అనుమతి

చిత్రశాలల్లో కంటికి ఉన్న స్వాతంత్ర్యం చేతికి లేదు. కన్ను కోరినంతసేపు నిలువవచ్చును. చేయి మాత్రం ఒదిగి ఉండవలె. ఈ నియమం అకారణమైనది కాదు. వేళ్ళకుండే చెమట, జిడ్డు కాలక్రమాన రాతినైనా నల్లబరుస్తవి. భక్తుల చేతులు సోకి నునుపుదేలిన నందుల వీపులు చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయినా ఈ నియమం వల్ల ఒక నష్టమున్నది. తాకరాని వస్తువును మనిషి గౌరవిస్తాడే గాని, దానిని తనదిగా ఎంచుకోలేడు. పరదేశంలో చదువుకునే విద్యార్థి స్థితి సరిగా ఇటువంటిదే. నగరమంతా కన్నుల ముందున్నది. చేతికి అందేది మాత్రం బహు స్వల్పం.

2021 సెప్టెంబరులో గుంటూరు ప్రాంతం నుంచి ఒక యువతి ఏడాది చదువుకై లండను వెళ్ళింది. బ్యాంకు అప్పు తండ్రి పేరు మీద ఉన్నది. బడి నడిచే రోజుల్లో విద్యార్థులు వారానికి ఇరవై గంటలకు మించి పని చేయరాదని ఆ దేశపు వీసా నియమం. ఆ ఇరవై గంటలూ ఆమె ఒక దుకాణంలో నిలబడి గడిపేది. తాగిన ప్రతి కాఫీనీ రూపాయలలోకి మార్చి చూచుకునే అలవాటు మొదటి నెలలోనే పట్టుకున్నది. అద్దెగదికి నాలుగు తెల్లగోడలు. మేకు కొట్టరాదు, ఏదీ అతికించరాదు, మరక పడితే ముందు కట్టిన సొమ్ములో కోత తప్పదు అని ఒప్పందపత్రం. తల్లి పెట్టెలో పెట్టి పంపిన తిథి వార నక్షత్రాల కాలెండరును ఆమె గోడకు తగిలించలేక, బల్లమీద పరుండబెట్టి తేదీలు చూచుకునేది. ఆ గదిలో ఒక మనిషి బ్రతుకుతున్నదనే గుర్తు ఏమీ పడకుండా బ్రతకటమే అక్కడి మర్యాద.

సెలవురోజున ఖర్చు లేకుండా కాలక్షేపం చేయటానికి లండనులో మ్యూజియంలను మించినవి లేవు. 2001 డిసెంబరు నాటికి ఆ దేశపు జాతీయ మ్యూజియంలన్నిటి శాశ్వత సేకరణలూ ప్రజలకు ఉచితమైనవి. ఆమె మొదట వెళ్ళినది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల గదికి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు చేర్పించిన ఫలకాలు 1859లో ఓడ నెక్కినవి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చినవి. తన ఇంటికి కొద్దిపాటి బస్సుప్రయాణపు దూరంలో పుట్టిన పలనాటి సున్నపురాయిని ఆమె ఇంత దూరం వచ్చి, గాజుతెరకు ఈవల నిలిచి చూచింది. చూడటానికి డబ్బు అడిగినవారు లేరు. కాని ఆ గాజు ముందు తానూ, ఏ దేశంనుంచో వచ్చిన మరొక యాత్రికుడూ ఒక్కటే అన్న సంగతి ఆమెకు ఎందుకో కష్టంగా తోచింది. ఉచితంగా లోనికి రానిచ్చినంత మాత్రాన చుట్టం కారు.

2022 జులై 19న ఇంగ్లండులో ఉష్ణోగ్రత తొలిసారిగా నలభై డిగ్రీలు దాటింది. గుంటూరు బిడ్డకు అది కొత్త కాదు గాని, పంకా లేని గది కొత్త. చదువు ముగింపుకు వ్రాయవలసిన సిద్ధాంతవ్యాసం సగంలో ఉన్నది. ఉద్యోగపు దరఖాస్తులకు తిరుగుటపాలో వచ్చేవి నిరాకరణలే. ఆ నెలాఖరున ఒక సహాధ్యాయిని ఆమెను వెంటబెట్టుకొని టేట్ మోడర్న్‌కు తీసుకువెళ్ళింది. థేమ్స్ నది దక్షిణపు గట్టున ఉన్న ఆ కట్టడం పూర్వం విద్యుత్కేంద్రం. గైల్స్ గిల్బర్ట్ స్కాట్ దానికి రూపకల్పన చేశాడు. 1981లో అది మూతపడింది. 2000లో చిత్రశాలగా తెరువబడింది. ఆ వేసవిలో అక్కడ జపాను కళాకారిణి యాయోయ్ కుసామావి రెండున్నవి. అద్దాల గదుల ప్రదర్శనకు టికెట్టు కొనవలె. రెండవది ఉచితం. దాని పేరు ‘ఆబ్లిటరేషన్ రూమ్’. రూపుమాపే గది అని చెప్పుకోవచ్చును. 2002లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గాలరీలో బాలలకోసం మొదట ఏర్పరచిన రచన అది.

లోపల ఒక సంసారి ఇల్లు. బల్లలు, కుర్చీలు, గోడలు, నేల — సమస్తం తెలుపు. వచ్చినవారికి రంగురంగుల గుండ్రని చుక్కలు అతికిన కాగితం ఒకటి ఇస్తారు. ఇష్టం వచ్చిన చోట, ఇష్టం వచ్చినట్లు అతికించవచ్చును. చేయవలసినది అంతే. కొద్ది వారాలలో తెలుపు అనేది కానరాకుండా పోతుంది.

ఆమె కాగితం పట్టుకొని కొంతసేపు కదలలేదు. తెల్లగోడను చూడగానే ఒప్పందపత్రం జ్ఞాపకం వచ్చింది. కాపలా ఉన్న ఉద్యోగి వంక చూచింది. అతడు చిరునవ్వుతో గోడవైపు చేయి చూపాడు. మొదటి చుక్కను ఒక బల్ల అంచున, ఎవరికీ కనబడని తావున అంటించింది. రెండవది బల్ల మీద. ఆ తరువాత చేయి మనస్సు నడగలేదు. ఐదు చుక్కలు, సందుచుక్క మూడు వచ్చేవరకు — చిన్ననాడు వాకిట కళ్ళాపి ఆరకముందే తల్లి పెట్టించిన లెక్క వేళ్ళలో ఉన్నది. ఆ లెక్కకు పందొమ్మిది చుక్కలు కావలె; ఆమె దగ్గర చాలలేదు. పక్కన ఉన్న ఒక పసివాడు ఆమె వేస్తున్న వరుసలను శ్రద్ధగా చూస్తూ, తన కాగితంలో మిగిలిన వాటిని అడగకుండానే ఇచ్చాడు. ముగ్గుకు చుక్కలు పూర్తి అయినవి. గీతలు వేయటానికి అక్కడ సాధనం లేదు. చూస్తూండగానే ఎవరో వచ్చి రెండు వరుసల నడుమ పెద్ద ఎర్రచుక్క ఒకటి అతికించి పోయారు. ఒక్క నిమిషం ఆమెకు కోపం వచ్చింది. మరుక్షణంలో, వాకిట్లో ముగ్గు వేసిన చేయి దానికి కావలి కాయదు గదా అనుకున్నది. పాలవాని సైకిలు దానిమీదుగా పోతుంది, ఎద్దుబండి పోతుంది. మర్నాడు మళ్ళీ వేస్తారు.

కుసామా జీవితం తెలిసినవారికి ఈ చుక్క వట్టి ఆటవస్తువు కాదు. ఆమె 1929లో మట్సుమోటోలో జన్మించింది. బాల్యంలోనే చుక్కలు తన లోకాన్నంతా కమ్ముకొని తనను కూడా లేకుండా చేస్తున్నట్లు ఆమెకు భ్రాంతి కలిగేది. పదేళ్ళ వయస్సులో వేసిన బొమ్మలోనే ఒక స్త్రీ ముఖమంతా చుక్కలున్నవి. 1957లో ఆమె అమెరికా వెళ్ళింది. పరదేశపు పేదరికాన్నీ, ఒంటరితనాన్నీ చవిచూచింది. 1973లో తిరిగి వచ్చింది. 1977 మొదలు టోకియోలో ఒక మానసిక వైద్యశాలలోనే ఇష్టపూర్వకంగా నివాస మేర్పరచుకున్నది. ఒకరి భయం పదిమంది చేతుల్లో పడి వేడుక కావటం ఈ గదిలోని విశేషం. ఒంటరిగా ఉన్నవానికి రూపుమాయటం మృత్యువువంటిది. నలుగురిలో అదే తేలికపాటు.

ఈ స్వేచ్ఛకు హద్దులు లేకపోలేదు. చుక్కలు వారు ఇచ్చినవి. ఆకారం కళాకారిణి నిర్ణయించినది. ఖర్చు భరించినది ఒక జపాను వస్త్రవ్యాపార సంస్థ, దాని పేరు కార్యక్రమపు పేరులోనే ఉన్నది. గుమ్మం దాటగానే తాకరాదనే శాసనం మళ్ళీ మొదలు. ఇవన్నీ ఆమెకు తోచకపోలేదు. కాని ఆ నగరంలో పది నెలలుగా ఆమె చేయి చేసినవన్నీ కూలికో, మార్కులకో చేసినవి. కూలీ, మార్కులూ లేకుండా ఒక పని చేయటం, అది పదిమంది పనిలో కలిసిపోవటం, ఆనాడే మొదటిసారి.

పది చేతుల పని అనేది నేటి కళాకారులు కొత్తగా కనిపెట్టినది కాదు. అమరావతి స్తూపం ఒక రాజు ధనంతో లేచినది కాదు. గృహస్థులు, భిక్షుణులు, స్త్రీలు తలా ఒక ఫలకమో, స్తంభమో ఇచ్చారు; విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఇచ్చిన దానం కూడా శాసనంలో ఉన్నది. నేడు గాజు వెనుక మహాకళగా నిలిచినది ఒకప్పుడు ఎందరో తమకు చేతనైనంత తెచ్చి కలిపిన పని. వారికది తమది, ఏలననగా అందులో వారి వంతు ఉన్నది.

ఆగస్టు చివర సిద్ధాంతవ్యాసం ముగించి ఆమె మరొకసారి ఆ గదికి వెళ్ళింది. బల్లమీద తన పందొమ్మిది చుక్కలూ ఎక్కడివో పోల్చుకోలేకపోయింది. వాటిమీద ఎన్ని పొరలు పడినవో! ఉద్యోగం ఇంకా దొరకలేదు. అద్దెగది గోడలు అంత తెల్లగానే ఉన్నవి. కాని నాటినుంచి ఆమె తనను అతిథినని చెప్పుకోవటం మానింది.

మన పట్టణాల మ్యూజియంలలో శిల్పాలను రక్షించటానికి తాకరాదనే పలక ఉండవలసినదే. ఆ పలక ఉన్న చోటనే, ఒక చిన్న గదిలోనైనా, వచ్చిన పిల్లల చేతికి ఇంత మట్టిగాని, ముగ్గుపిండిగాని ఇచ్చే ఏర్పాటు కూడా ఉండటం న్యాయం. కన్నుకు చూపినది జ్ఞానమవుతుంది. చేతికి ఇచ్చినది తనదవుతుంది.