వంద కిలోల దగ్గర ఆగిపోయిందా?

మా ఓపీకి ఈమధ్య కొత్తరకం రోగులు వస్తున్నారు. జ్వరం లేదు, దగ్గు లేదు. "నాలుగు నెలలుగా డెడ్‌లిఫ్ట్ వంద కిలోల దగ్గరే ఆగిపోయింది సార్! ఏదైనా టానిక్ రాయండి" అన్నాడో డిగ్రీ కుర్రాడు. నేలమీది రాడ్డును ప్లేట్లతో సహా పట్టుకుని నిటారుగా లేచి నిలబడడమే డెడ్‌లిఫ్ట్. మన కర్నూలు, కడప పల్లెల్లో పండగలకి గుండు ఎత్తే పందేలు చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు.

మొదట్లో బరువు జోరుగా పెరుగుతుంది. ఎందుకో తెలుసా? తొలి ఆరు, ఎనిమిది వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ పాలు కండది కాదు, నరాలది. వున్న కండనంతా ఒక్కసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది. ఆ చదువు పూర్తయ్యాక కండ పెరగాలి. దానికి నెలలు పడుతుంది. అంచేత ఆగిపోవడం జబ్బూ కాదు, దానికి టానిక్కూ లేదు.

ఈ కుర్రాడు రోజు విడిచి రోజు వంద దాటించాలని చూస్తున్నాడట. విత్తనం మొలిచిందో లేదో అని రోజూ తవ్వి చూసే రైతు వుంటాడా? కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, విశ్రాంతిలో. మీదీ ఇదే పరిస్థితి అయితే ఒక వారం 60 కిలోలతో సరిపెట్టండి. తర్వాత 85తో మొదలుపెట్టి, బరువైన రోజు వారానికి ఒక్కటే వుంచండి. పెంచేటప్పుడు ఇటు 1.25, అటు 1.25 కిలోలు చాలు. ఒక్కో ప్లేటు పాత వీశెకన్నా తక్కువే! గుండుకి ఈ సౌకర్యం లేదు, చిన్నగుండు తర్వాత పెద్దగుండే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, ఆపైన 137.5కి వెళ్ళారు. అది నిలవలేదు. మొత్తం 240 కిలోలతో కంచుపతకం వచ్చింది. అక్కడ పతకం కోసం తెగించాలి, మీకేం తొందర?

ఎక్కడ ఆగుతోందో కూడా గమనించండి. వేళ్ళు జారితే లోపం పట్టులో వుంది, నడుములో కాదు. నేలమీంచి లేవకపోతే రాడ్డు కాళ్ళకి దూరంగా వుందేమో చూడండి. నీళ్ళబిందెని ఆడవాళ్ళు చెయ్యి చాచి మొయ్యరు గదా, ఒంటికి ఆనించుకుంటారు.

ఇక తిండి. ఉదయం ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం చారు, రాత్రి చపాతీ. అరవై కిలోల మనిషి బరువులెత్తితే రోజుకి సుమారు 95 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇతని లెక్క అందులో సగానికీ రాలేదు. ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. వంద గ్రాముల శెనగ్గింజల్లో, అదే మన బుడ్డల్లో, 25 గ్రాములు, అన్నే ఉలవల్లో 22 గ్రాములు, ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు వుంటాయి. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు. ఫోను పక్కన పెట్టి ఏడెనిమిది గంటలు నిద్రపోండి. మే నెల ఎండల్లో రేకులషెడ్డు కింద సాయంత్రం ఎత్తేకన్నా తెల్లవారుజామున ఎత్తడం మేలు. ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

తెలిసినవాడెవడో "వారానికో ఇంజెక్షన్ చాలు" అన్నాడట. అసలు భయం నాకు ఇక్కడే. ఆ స్టిరాయిడ్లతో కండ వస్తుంది, నిజమే. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, గుండెకండ మందమవుతుంది. పెళ్ళి కావలసిన కుర్రాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదవండి.

నడుంనొప్పి పిర్రమీంచి కాలిలోకి పాకితే బరువులు ఆపి చూపించుకోండి. మూత్రం బిగుసుకుపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే, ఆసుపత్రికి రండి.